హిరోషిమాలో శాంతి దేవాలయం నిలిపిన ఫాదర్ లసాల్



మన ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర ఉండటం ఆనవాయితీ. మన జాతీయ నాయకులను గురించి, కవులను గురించి నాకన్నా బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఈసారి మన దేశం కాని ఒకాయన గురించి వ్రాయదలచాను. ఆయన పుట్టింది జర్మనీలో, పనిచేసింది జపాన్‌లో. కాథలిక్ సన్యాసి అయి కూడా బౌద్ధుల దగ్గర కూర్చుని ధ్యానం నేర్చుకున్నారు. ఆయన పేరు ఫాదర్ హ్యూగో లసాల్. అణుబాంబు పడిన రోజున హిరోషిమాలో ఉండి, గాయపడి, బ్రతికి బయటపడి, తొమ్మిదేళ్ళ తరువాత అదే చోట యుద్ధ మృతుల స్మారకంగా ఒక పెద్ద దేవాలయాన్ని నిలబెట్టిన వ్యక్తి.

ఈయన్ను ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. పింఛను తీసుకోవడం మొదలైన దగ్గర నుంచి నేను ఎవరి జీవిత చరిత్ర చేతికి వచ్చినా ముందుగా చివరి అధ్యాయాలు తిరగేస్తున్నాను. ఈయన యాభై ఎనిమిదేళ్ళు దాటాక ఏం చేశాడు అని చూడటం నాకు అలవాటయింది. చాలామంది విషయంలో ఆ భాగం రెండు పేజీలతో సరి. సన్మానాలు, అనారోగ్యం, అస్తమయం. లసాల్ గారి విషయంలో మాత్రం అసలు కథలో సగం అక్కడే మొదలవుతుంది.

ఆయన 1898 నవంబరు 11న జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బడి పిల్లవాడు. అది ముగిసేలోగానే సైనికుడిగా వెళ్ళి గాయపడ్డారు. ఆ యుద్ధం ముగిసింది 1918 నవంబరు 11న, అంటే సరిగ్గా ఆయనకు ఇరవై ఏళ్ళు నిండిన రోజున. ఆ మరుసటి సంవత్సరం, 1919లో, ఆయన యేసుసభలో చేరారు. జెస్యూట్లు అని మనం పిలిచేది ఈ సభ వారినే. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కాలేజీ నడిపేది కూడా ఈ సభ వారే కనుక మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. వారి శిక్షణ చాలా దీర్ఘమైనది. చేరిన ఎనిమిదేళ్ళకు, 1927లో, ఆయన గురుపట్టం పొందారు. 1929లో జపాన్ చేరుకున్నారు.

టోక్యోలో యేసుసభ వారిదే సోఫియా విశ్వవిద్యాలయం ఉంది. లసాల్ గారు అక్కడ పాఠాలు చెప్పారు. పాఠాలతో ఆగకుండా విద్యార్థులను వెంటబెట్టుకుని నగరంలోని పేదవాడకు వెళ్ళి అక్కడ సేవా కేంద్రం నడిపారు. 1935లో జపాన్‌లోని తమ సభ మిషన్ మొత్తానికి ఆయనను పెద్దగా నియమించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరేళ్ళు. 1940 ప్రాంతంలో ఆయన తన నివాసాన్ని హిరోషిమాకు మార్చుకున్నారు.

జపాన్ వారి మనసు తెలియాలంటే వారి ఆధ్యాత్మిక సాధన తెలియాలని ఆయన నమ్మారు. పుస్తకాలు చదివి ఊరుకోలేదు. 1943లో, యుద్ధం నడుస్తుండగానే, త్సువానో అనే చిన్న పట్టణంలోని జెన్ బౌద్ధ మఠానికి వెళ్ళి, అక్కడి భిక్షువులతో కలిసి కొన్ని రోజులు ధ్యానంలో కూర్చున్నారు. జెన్ అనే మాట మనకు పరాయిది కాదు. మన ధ్యాన శబ్దమే చైనాకు వెళ్ళి చాన్ అయింది, జపాన్‌కు వెళ్ళి జెన్ అయింది. ఆ సంప్రదాయం వారు చెప్పుకునే గురుపరంపరలో ఆచార్య నాగార్జునుడు పద్నాలుగవవాడు. నాగార్జునకొండ పేరు తెలిసిన మనకు ఈ సంగతి తెలుసుకోవడం సంతోషంగానే ఉంటుంది.

ఇక 1945 ఆగస్టు 6. ఉదయం 8 గంటల 15 నిమిషాలు. హిరోషిమాలోని నొబొరిచో పేటలో యేసుసభ వారి చర్చి, గురువుల నివాసం ఉండేవి. బాంబు పేలిన చోటికి అది కిలోమీటరు పైచిలుకు దూరం. ఆ ఉదయం ఆ ఇంట్లో నలుగురు జర్మన్ గురువులు ఉన్నారు: లసాల్, షిఫర్, క్లైన్‌సోర్గె, చీస్లిక్. నలుగురూ బ్రతికారు. దీన్ని గురించి తరువాత రోజుల్లో కొందరు మహిమగా చెప్పుకున్నారు, వారికి చిన్న గీత కూడా పడలేదని వ్రాసినవారూ ఉన్నారు. అది నిజం కాదు. లసాల్ గారి ఒంట్లో గాజు పెంకులు గుచ్చుకుపోయాయి. షిఫర్ గారికి నెత్తురు చాలా పోయింది. క్లైన్‌సోర్గె గారు ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా రేడియేషన్ జబ్బులతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి 1977లో పోయారు. ఇల్లు కూలకపోవడానికి కారణం కూడా ఉంది. గ్రోపర్ అనే బ్రదర్, భూకంపాల భయం వల్ల, ఆ ఇంటికి ముందే అదనపు దూలాలు, ఆనుపట్లు వేయించి ఉన్నారు. ఒక మనిషి ముందుచూపు నలుగురి ప్రాణాలు నిలిపింది. నా మటుకు నాకు ఇది మహిమకన్నా తక్కువ సంగతిగా తోచదు.

ఇల్లు పేలుడుకు నిలిచింది గాని, తరువాత వచ్చిన మంటలకు నిలవలేదు. చర్చి, నివాసం అన్నీ కాలిపోయాయి. వారు దగ్గరలోని అసానో ఉద్యానవనానికి చేరుకున్నారు. అక్కడ నది ఒడ్డున వందల మంది క్షతగాత్రులు. ఊరి వెలుపల నగత్సుకాలో ఉన్న యేసుసభ శిక్షణాలయం నుంచి విద్యార్థులు డోలీలు పట్టుకు వచ్చి లసాల్ గారిని, షిఫర్ గారిని మోసుకుపోయారు. ఆ శిక్షణాలయానికి పెద్ద ఫాదర్ పెద్రో అరూపె. స్పెయిన్ దేశస్థుడు, సన్యాసం పుచ్చుకోక ముందు వైద్యం చదివినవారు. ఆయన ఆ ఇంటినే ఆసుపత్రిగా మార్చి, ఉన్న కొద్దిపాటి మందులతో ఎందరికో చికిత్స చేశారు. లసాల్ గారి ఒంట్లోని గాజు పెంకులు తీసింది కూడా అక్కడే. ఈ అరూపె గారే 1965లో ప్రపంచంలోని యేసుసభ మొత్తానికి అధిపతి అయ్యారు.

ఆ ఏడాది చివరికి హిరోషిమాలో మరణించినవారు సుమారు 1,40,000 మంది అని నగరపాలక సంస్థ అంచనా. యుద్ధం ఆగస్టు 15తో ముగిసింది. ఆ తేదీ మనకు రెండేళ్ళ తరువాత స్వాతంత్ర్య దినం అయింది. కాథలిక్కులకు అది మరియమాత మోక్షారోపణ పండుగ రోజు. తరువాత హిరోషిమాలో కట్టిన దేవాలయాన్ని ఆ పేరుతోనే అంకితం చేశారు.

గాయాలు మానిన తరువాత లసాల్ గారు స్వదేశం వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన బయలుదేరారు గాని, తిరిగి రావడానికే బయలుదేరారు. 1946లో రోమ్‌లో జరిగిన యేసుసభ మహాసభకు వెళ్ళి, అక్కడ పన్నెండవ పయస్ పోప్‌ను కలిసి తన ఆలోచన చెప్పారు. హిరోషిమాలో, కాలిపోయిన చర్చి స్థలంలోనే, అణుబాంబు మృతుల కోసం, ఏ దేశమైనా ఏ మతమైనా యుద్ధంలో చనిపోయిన వారందరి కోసం ఒక స్మారక దేవాలయం కట్టాలన్నది ఆ ఆలోచన. పోప్ ఆశీర్వదించారు. ఆ తరువాత ఆయన దేశాలు తిరిగి చందాలు పోగు చేశారు. అమెరికాలోనూ అడిగారు. బాంబు వేసిన దేశంలో, బాంబు తిన్న ఊరి కోసం చేయి చాపడానికి ఎంత నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు. 1948లో ఆయన జపాన్ పౌరసత్వం తీసుకుని ఎనోమియా మకిబి అనే జపాను పేరు పెట్టుకున్నారు. ఓడి, దేశమంతా శత్రు సైన్యాల ఆక్రమణలో ఉన్న రోజుల్లో ఆ దేశపు పౌరుడు కావడం లాభం కోసం చేసే పని కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నాకూ వచ్చింది. జనం రేకుల గుడిసెల్లో తలదాచుకుంటున్న ఊళ్ళో అంత పెద్ద చర్చి అవసరమా? పైగా అక్కడ కాథలిక్కులు బహు కొద్దిమంది. ఆ డబ్బుతో ఇళ్ళు కట్టవచ్చు గదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. అయితే చనిపోయిన వారిని తలచుకోవడానికి ఒక చోటు లేకపోతే బ్రతికినవారి మనసు కుదుటపడదని మన ఇళ్ళలో జరిగే కర్మకాండలే చెబుతాయి. శవం కూడా దొరకని వారు వేల మంది ఉన్న ఊరు అది. అన్నం, గూడు ముందు అన్నవారూ సరి, ఏడవడానికి ఒక చోటు కావాలన్నవారూ సరి. లసాల్ గారు రెండవది తన వంతుగా తీసుకున్నారు.

1948లో కట్టడం నమూనా కోసం జపాన్ వాస్తుశిల్పులకు పోటీ పెట్టారు. షరతులు నాలుగు. కట్టడం ఆధునికంగా ఉండాలి, జపాను స్వభావం కనబడాలి, భక్తి కలిగించాలి, స్మారకంగా నిలవాలి. 177 నమూనాలు వచ్చాయి. న్యాయనిర్ణేతలు ఏ ఒక్కదానికీ మొదటి బహుమతి ఇవ్వలేదు. రెండవ బహుమతి పొందిన వారిలో కెంజో టాంగె ఒకరు. తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన శిల్పి ఆయన. చివరికి పని ఎవరికి అప్పగించారంటే, న్యాయనిర్ణేతలలో ఒకరైన టోగో మురానోకు! టెండరు ఫైళ్ళ మధ్య సర్వీసంతా గడిపిన నాకు ఈ సంగతి చదవగానే పెన్ను చేతిలో ఉన్నట్టే అనిపించింది. మన దగ్గరయితే ఆడిట్ అభ్యంతరం తప్పదు. జపాన్‌లోనూ విమర్శలు వచ్చాయి. వాటికి మురానో గారి జవాబు ఆ కట్టడమే.

1950 ఆగస్టు 6న పని మొదలయింది. ఆ ఏడు జూన్‌లోనే కొరియా యుద్ధం వచ్చిపడింది. నగరంలో ఏటా జరిగే శాంతి సభ ఆ సంవత్సరం రద్దయింది. సామాన్ల ధరలు పెరిగిపోయాయి. ఒక యుద్ధపు మృతుల స్మారకం కడుతుండగా పక్కనే మరో యుద్ధం వల్ల పని కుంటుపడటం కాలవైపరీత్యం కాక మరేమిటి? నాలుగేళ్ళు పట్టింది. 1954 ఆగస్టు 6న ప్రతిష్ఠ జరిగింది. అప్పటికి లసాల్ గారికి యాభై అయిదేళ్ళు నిండాయి.

ఆ కట్టడం ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. మనం ఊళ్ళలో చూసే తెల్ల సున్నం చర్చిలా ఉండదు. కాంక్రీటు స్తంభాలు, దూలాలు పైకి కనబడుతూనే ఉంటాయి, వాటిపై పూత లేదు. జపాను కొయ్య ఇళ్ళలో స్తంభాలు, దూలాలు బయటికి కనిపించినట్టే ఇక్కడ కాంక్రీటు చట్రం కనిపిస్తుంది. మధ్య ఖాళీలను బూడిద రంగు సిమెంటు ఇటుకలతో నింపారు. ఆ ఇటుకలను అక్కడి ఇసుకతో కట్టడం చోటనే పోశారు. గోడ నునుపుగా ఉండకూడదని కావాలనే కొన్ని ఇటుకలను ముందుకు జరిపి, సందుల్లో సిమెంటును గరుకుగా వదిలేశారు. ఎండ పడితే ఆ గోడ మీద చిన్న చిన్న నీడలు ఏర్పడతాయి. పక్క గోడల కిటికీల్లో దేవదారు, వెదురు, ప్లమ్ పూవు ఆకారాలు ఉంటాయి. ఆ మూడూ జపాన్ వారికి మంగళ చిహ్నాలు. గంట స్తంభం ఎత్తు 45 మీటర్లు. కొత్తలో చూసినవారికి అది ముతకగా అనిపించవచ్చు. అంతటి ఘోరం జరిగిన చోట నిగనిగలాడే పాలరాయి నప్పదని మురానో గారు అనుకొని ఉంటారని నా ఊహ.

లోపలి సామగ్రి చాలావరకు విదేశాల నుంచి కానుకగా వచ్చింది. నాలుగు గంటలు బోహుమ్ నుంచి, పెద్ద ఆర్గన్ వాద్యం కొలోన్ నుంచి, కంచు తలుపులు డ్యుసెల్‌డార్ఫ్ నుంచి, జ్ఞానస్నానపు తొట్టి ఆఖెన్ నుంచి, పీఠం బెల్జియం నుంచి వచ్చాయి. ఈ పేర్లు ఊరికే చెప్పడం లేదు. ఆ జర్మన్ నగరాలన్నీ అదే యుద్ధంలో విమానాల బాంబులకు శిథిలమైనవే. తమ ఇళ్ళు ఇంకా పూర్తిగా లేవని రోజుల్లో వారు హిరోషిమాకు గంటలు, తలుపులు పంపారు. దెబ్బ తిన్నవాడికే దెబ్బ తిన్నవాడి బాధ తెలుస్తుందంటారు గదా. 1959లో హిరోషిమాకు బిషప్ పీఠం ఏర్పడి ఈ దేవాలయం కెథెడ్రల్ అయింది.

మామూలుగా అయితే ఇక్కడ కథ ముగియాలి. కట్టవలసింది కట్టారు, పేరు వచ్చింది, విశ్రాంతి తీసుకోవచ్చు. లసాల్ గారు ఏం చేశారో చూడండి. 1956లో, తన యాభై ఎనిమిదవ ఏట, హరదా అనే పేరు మోసిన జెన్ గురువు ఉండే హొష్షిన్‌జి మఠానికి వెళ్ళి శిష్యుడిగా కూర్చున్నారు. మన సర్వీసులో చాలాకాలం అది సరిగ్గా రిటైర్మెంటు వయసు. తెల్లవారుజామునే లేవడం, గంటల తరబడి మోకాళ్ళు ముడిచి కదలకుండా కూర్చోవడం, వయసులో చిన్నవారైన భిక్షువుల క్రమశిక్షణకు లోబడటం. ఒక సభకు ఎన్నో ఏళ్ళు పెద్దగా ఉండి, అందరూ లేచి నిలబడి నమస్కరించే మనిషి కొత్త బిళ్ళబంట్రోతులా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు. పదవిలో ఉన్నప్పటి కుర్చీని మనసులోంచి దింపుకోవడం ఎంత కష్టమో మనలో కొందరికి తెలుసు.

1960లో జెన్ సాధన గురించి జర్మన్ భాషలో పుస్తకం వ్రాశారు. క్రైస్తవ సన్యాసి బౌద్ధ సాధనను మెచ్చుకోవడం రోమ్‌లోని పెద్దలకు రుచించలేదు. ఆ విషయం మీద ఇక వ్రాయవద్దని ఆంక్ష వచ్చింది. ఆయన ఎదురు తిరగలేదు, సాధన మానలేదు. వ్రాయడం మాత్రం ఆపారు. 1962లో మొదలై 1965లో ముగిసిన రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాలలోని సత్యాన్ని, పవిత్రతను చర్చి నిరాకరించదని ప్రకటించింది. గాలి మారింది. ఆయన మళ్ళీ వ్రాశారు. 1968లో హిరోషిమా నగరం ఆయనను గౌరవ పౌరునిగా ఎన్నుకుంది. 1969లో టోక్యోకు పడమర కొండల్లో, అకిగావా లోయలో, షిన్‌మెయ్‌కుత్సు అనే ధ్యాన కేంద్రం తెరిచారు. ఏ మతం వారైనా అక్కడికి వచ్చి కూర్చోవచ్చు.

హరదా గారి తరువాత ఆయన కామకురాలోని యమదా కోఉన్ గారి దగ్గర శిష్యరికం చేశారు. ఈ యమదా గారు వయసులో లసాల్ గారికన్నా చిన్న, గృహస్థు. డెబ్బై దాటిన తరువాత లసాల్ గారి సాధన ఫలించిందని ఆ గురువు అంగీకరించారు. ఆ తరువాత ఏటా యూరప్ వెళ్ళి ధ్యాన శిబిరాలు నడిపారు. బవేరియాలోని డీట్‌ఫుర్ట్ ఫ్రాన్సిస్కన్ మఠంలో 1977లో ధ్యాన గృహం వెలిసింది. ఆ పరంపర మన దక్షిణాదికీ వచ్చింది. లసాల్ గారి ప్రోత్సాహంతో జపాన్ వెళ్ళి యమదా గారి దగ్గర నేర్చుకున్న ఒక భారతీయ యేసుసభ గురువు 1996లో కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెండో అనే ధ్యాన కేంద్రం నెలకొల్పారు.

ఫాదర్ లసాల్ 1990 జూలై 7న జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు తొంభై ఒక్క ఏళ్ళు. రెండు ప్రపంచ యుద్ధాలు ఆయన ఒంటి మీద గుర్తులు పెట్టి వెళ్ళాయి. ఆ గుర్తులను చూపించి ఎవరి మీదా నేరం మోపుతూ ఆయన బ్రతకలేదు. ఒక గాయం సన్యాసం వైపు నడిపింది, మరొక గాయం దేవాలయమయింది.

2006లో జపాన్ ప్రభుత్వం ఆ దేవాలయాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. యుద్ధం తరువాత కట్టిన వాటిలో ఆ గౌరవం పొందిన మొదటి కట్టడాలు రెండు, రెండూ హిరోషిమావే. ఒకటి మురానో గారి ఈ దేవాలయం. రెండవది శాంతి స్మారక మ్యూజియం. దాన్ని కట్టింది ఎవరో కాదు, మొదటి పోటీలో మొదటి బహుమతి అందని టాంగె గారే. మొదట్లో రేగిన విమర్శలను కాలం ఆ విధంగా సర్ది ఒకే ఉత్తర్వులో ఇద్దరికీ చోటు ఇచ్చింది.

మన సభ్యుల పిల్లలు, మనుమలు కొందరు ఉద్యోగాల మీద జపాన్‌లో ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళేవారు హిరోషిమా చూస్తే అణుబాంబు గుమ్మటం, మ్యూజియం ఎలాగూ చూస్తారు. నొబొరిచోలోని ఈ దేవాలయం కూడా చూడండి. రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరమే. లోపల ఒక అయిదు నిమిషాలు కూర్చోండి. ప్రార్థన ఏ దేవుడికి చేసుకున్నా సరే. చనిపోయిన వారందరి కోసం కట్టిన చోటు అది.

ఇక ఇంట్లోనే ఉండే మనబోటి వాళ్ళకు లసాల్ గారి జీవితం నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. చేసిన సర్వీసును తలచుకుంటూ కూర్చోవడానికి మిగిలిన ఏళ్ళు చాలా ఎక్కువ. కొత్తగా ఏదైనా నేర్చుకోవడానికి, అందుకోసం మనకన్నా చిన్నవారి ముందు కూర్చోవడానికి అవి సరిపోతాయి. మనుమడి దగ్గర కంప్యూటరు నేర్చుకోవడం కావచ్చు, దేవాలయంలో భజన నేర్చుకోవడం కావచ్చు. మొదలుపెట్టడమే కావలసింది.